ఆపు అన్నాక అడగరు

జూన్ 9, సోమవారం

తెలుగులో రాస్తున్నా. ఈ ఊళ్ళో మా క్లాసులో ఎవరికీ తెలుగు చదవడం రాదు. నా బ్యాగులోంచి ఎవరైనా లాక్కున్నా, వాళ్ళకి ఇవన్నీ ముడుచుకు పడుకున్న వానపాముల్లా కనిపిస్తాయి. ఇంట్లో అమ్మకి చదివే తీరిక లేదు. నాన్న నా బ్యాగు ముట్టుకోరు. ఇక మిగిలింది అమ్మమ్మ. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. కానీ కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునే మనిషి. కాబట్టి సేఫ్.

నాన్న చేతి కట్టు విప్పేశారు. బొటనవేలు గోరు నల్లగా ఉంది. "లిఫ్టు తలుపు ముద్దు పెట్టుకుందే, అంతే. దానికి నేనంటే అంత ఇష్టం" అన్నారు. మావయ్య పక్కనే ఉండి నవ్వాడు. ఇద్దరూ లిఫ్టులు బాగుచేసేవాళ్ళే. వాళ్ళకది నవ్వులాట. తలుపు వేలితో ఆగింది కాబట్టి నవ్వులాట.

పొద్దున బాత్రూంలో ట్యాబ్‌లో ఒక వీడియో చూశా, సౌండ్ లేకుండా. లిఫ్టు ప్రమాదం. ఎక్కడో, ఎవరో. నేనేం సరదాకి చూడట్లేదు. ఏం జరగొచ్చో తెలిస్తే జాగ్రత్త చెప్పొచ్చు కదా.

సాయంత్రం నాన్న వచ్చేశారు. థాంక్స్.

జూన్ 10, మంగళవారం

చూశా. నాన్న వచ్చేశారు. థాంక్స్.

జూన్ 11, బుధవారం

చూశా. వచ్చేశారు. థాంక్స్.

జూన్ 14, శనివారం

ఇవాళ చూడలేదు. పొద్దున్నే ట్యాబ్ అమ్మ తీసేసుకుంది, పిల్లల అమ్మలకి ఫొటోలు పంపాలంట. అమ్మ మా ముందుగదిలో చిన్నపిల్లల్ని చూసుకుంటుంది. వాళ్ళ అమ్మలు డ్యూటీలకి వెళ్తూ దింపి, వస్తూ తీసుకెళ్తారు. ఇల్లంతా ఎప్పుడూ పాలవాసన, క్రేయాన్లు, ఎవరిదో ఒక్క సాక్సు.

నాన్న ఐదింటికల్లా రావాలి. రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మావయ్యా ఎత్తలేదు. నాకు తెలిసిపోయింది. నేను చూడలేదు కాబట్టి జరిగింది. బాల్కనీలో నిలబడి రోడ్డు మీద ప్రతి బైకునీ చూశా. కాళ్ళు మంచుముక్కలైపోయాయి.

నాన్న రెండు చేతుల్లో సంచులు, నోట్లో తాళంచెవులు పట్టుకుని వచ్చారు. "ఫోన్ జేబులో ఉందే, చేతులెక్కడున్నాయి?" అన్నారు.

అప్పుడు అర్థమైంది. చూసిన రోజు ఏమీ కాదు. చూడని రోజే భయం. మరి ఆ వీడియోలకి థాంక్స్ చెప్పాలి కదా?

ఇక మీదట ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటా. ఫోల్డర్‌కి "రైమ్స్ 2" అని పేరు పెట్టా. "రైమ్స్" పక్కనే. అమ్మ దాన్ని అనుమానించదు. నేను చాలా తెలివైనదాన్ని.

జూన్ 19, గురువారం

వెతికితే ఒకటి దొరికేది. ఇప్పుడు వెతక్కుండానే పది వస్తున్నాయి. ఇవాళ వచ్చింది లిఫ్టు కాదు. మనుషుల్ని మనుషులే హింసించేది. ఆపేద్దామనుకుంటూనే చివరిదాకా చూశా. సగంలో ఆపితే లెక్కలోకి రాదేమో అని.

అన్నం తినలేదు. కడుపునొప్పి అని చెప్పా. అమ్మమ్మ వేడినీళ్ళు తెచ్చింది. "పరీక్షలా, ప్రేమా?" అంది. "ఛీ" అన్నా. "అయితే పరీక్షలే. ప్రేమైతే ఛీ అనరు, సిగ్గుపడతారు" అంది. నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి. అమ్మమ్మకి థాంక్స్.

నాన్న వచ్చేశారు. థాంక్స్.

జూన్ 24, మంగళవారం

బాస్కెట్‌బాల్‌లో నా బెంచ్‌మేట్ పడింది. మోకాలు చీరుకుపోయింది. అందరూ పరిగెత్తారు. నేను నిలబడి చూస్తూ ఉన్నా. "ఇంతేనా?" అనిపించింది.

అది నా బెస్ట్ ఫ్రెండ్. నాకు "ఇంతేనా" అనిపించింది.

తర్వాత నర్సు రూమ్‌లో దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నా. "నువ్వుండబట్టి సరిపోయిందే, థాంక్యూ" అంది. ఆ థాంక్యూ నాది కాదు.

జూన్ 26, గురువారం

ఒకాయన పసుపు చొక్కాలో ఉంటాడు. చేతిలో లంచ్ బ్యాగు. లిఫ్టు కోసం నిలబడి ఉంటాడు. అంతే, మిగతాది రాయను. కళ్ళు మూస్తే ఆ బ్యాగే కనిపిస్తుంది. నీలం రంగు జిప్పు.

స్కూల్లో మెట్లెక్కే వెళ్తున్నా. ఫిట్‌నెస్ అని చెప్తున్నా.

నాన్న వచ్చేశారు. థాంక్స్.

జూన్ 27, శుక్రవారం

రాయాలని లేదు. అయినా రాయాలి.

స్కూల్ నుంచి వచ్చేసరికి పిల్లలంతా ముందుగదిలో ఉన్నారు. ఒక పాప ఉంది, అందరం బఠాణీ అంటాం. గుండ్రంగా ఉంటుంది, ఎక్కడ వదిలితే అక్కడికి దొర్లిపోతుంది. వాళ్ళమ్మ నర్సు. బఠాణీ బీరువా దగ్గర కూర్చుని ఆడుకుంటోంది. బొమ్మని తలుపు సందులో పెట్టి తలుపు మూస్తోంది. మళ్ళీ తీస్తోంది. మళ్ళీ మూస్తోంది.

"ఏం ఆట బఠాణీ?" అన్నా.

"అంకులు" అంది. "పసుపు అంకులు."

ట్యాబ్ అమ్మమ్మ ఒళ్ళో ఉంది. "పాత పాటలు విసుగొచ్చాయంటే రెండోది పెట్టానే. ఇదేంటో పాట రావట్లేదు, ఊరికే గుసగుసలాడుతోంది. బొమ్మలన్నా బాగున్నాయో లేదో, నా కళ్ళకేం ఆనతాయి" అంది. కళ్ళజోడు నెత్తి మీదుంది.

మిగతా పిల్లలు నిద్రపోతున్నారంట. బఠాణీ ఒక్కతే చూసింది.

ట్యాబ్ లాక్కున్నా. అప్పుడే అమ్మ వంటింట్లోంచి వచ్చి నా చేతిలోంచి తీసుకుంది. ఒక్క క్షణం చూసింది. అమ్మ మొహం అలా అవడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా! ఏం నొక్కావు? ఎక్కడెక్కడో నొక్కి ఏం తెచ్చావు దీంట్లోకి?"

"నేనేం... రెండో రైమ్స్..."

అమ్మ ట్యాబ్ తన అలమరలో పెట్టి తాళం వేసింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డా. నాదని చెప్పలేదు.

నాన్న వచ్చేశారు.

జూన్ 28, శనివారం

అమ్మమ్మ టీవీ రిమోటు కూడా ముట్టుకోవట్లేదు.

జూన్ 30, సోమవారం

బఠాణీ లోపలికి రానంది. గుమ్మం దగ్గర తలుపు పట్టుకుని ఏడ్చింది. తలుపు ఎవరైనా మూస్తారేమోనని ఏడుపు. అమ్మ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టింది. రోజంతా తలుపు తెరిచే ఉంది. దోమలొచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు.

జూలై 2, బుధవారం

అమ్మమ్మ తప్పు కాదని అమ్మకి తెలిసే ఉంటుంది. కాస్త కోపం తగ్గితే మర్చిపోతుంది. పెద్దవాళ్ళు మర్చిపోతారు. నేను చెప్పినంత మాత్రాన బఠాణీ చూసింది చూడనిదైపోదు కదా. చెప్తే ఇంకో గొడవ. నేను చెప్పకపోవడమే అందరికీ మంచిది.

చూడటానికి ట్యాబ్ లేదు. ఐదురోజుల నుంచి చూడలేదు. నాన్న రోజూ వస్తున్నారు. అదృష్టం. అదృష్టం ఎన్నాళ్ళుంటుంది?

జూలై 6, ఆదివారం

చాలా రాయాలి.

పొద్దున్నే ఒక ఆఫీసు బిల్డింగ్ నుంచి ఫోన్, లిఫ్టు ఆగిపోయిందని. ఆదివారం కూడానా! నేను నాన్న బూట్లు దాచేశా. ఎక్కడా చోటు దొరక్క వాషింగ్ మెషీన్‌లో పెట్టా. నాన్న ఇల్లంతా వెతికారు. అమ్మమ్మ కూడా వెతికింది, కళ్ళజోడు వెతుక్కుంటూ. చివరికి అమ్మ బట్టలు వేయబోయి తీసింది.

"ఇవి ఉతికితే కొత్తవవుతాయనుకున్నావా తల్లీ?" అన్నారు నాన్న. నాన్న నన్ను కాసేపు చూశారు. ఈమధ్య నేను అడుగుతున్న ప్రశ్నలన్నీ గుర్తొచ్చాయనుకుంటా. తాడు తెగితే ఏమవుతుంది? తలుపు మధ్యలో కరెంటొస్తే?

"పద. నువ్వూ రా. చెప్పులు కాదు, స్కూలు బూట్లేసుకో."

బిల్డింగ్ అంతా ఖాళీ. మావయ్య పైన మోటారు గదిలోకి వెళ్ళాడు. నాన్న లిఫ్టు డబ్బా పైకప్పు మీదికి దిగారు. బయట గీత గీసి నన్ను దానికి ఇవతల నిలబెట్టారు. "ఈ గీత నీ రాజ్యం. దాటితే యుద్ధమే" అన్నారు.

వాళ్ళిద్దరూ అరుచుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో ఒకరి మీద ఒకరు జోకులేసుకునేవాళ్ళు, అక్కడ వేరే మనుషులు.

"కిందికా బావా?"

"కిందికి."

"కిందికి!" అని మావయ్య మళ్ళీ అన్నాకే డబ్బా కదిలింది. ఒకరన్నది ఇంకొకరు తిరిగి అనేదాకా ఏదీ కదలదు. జోకుల్లేవు. పాటలా ఉంది, కానీ పాట కాదు.

డబ్బా దిగుతుంటే నాన్న భుజాలు నేల మట్టం కిందికి వెళ్ళాయి. తర్వాత హెల్మెట్ కూడా కనపడలేదు. చీకటి సందు. నాకు నీలం జిప్పు కనిపించింది.

"ఆపు!" అని అరిచా.

ఆగిపోయింది. వెంటనే. "ఆగింది!" అని పైనుంచి మావయ్య గొంతు. "ఆగింది" అని కింద నుంచి నాన్న. ఎందుకని ఎవరూ అడగలేదు. నాన్న నిచ్చెన పట్టుకుని పైకొచ్చి, గీత ఇవతలికొచ్చి, నా పక్కన నేల మీద కూర్చుని, బాటిల్ తీసి నీళ్ళు తాగి నాకిచ్చారు. మావయ్య కూడా మెట్లు దిగి వచ్చాడు ఆయాసపడుతూ.

"తిట్టరా?" అన్నా.

"ఆపు అన్నాక అడగం" అన్నారు నాన్న. "ఎవరన్నా సరే. కొత్తగా చేరినవాడన్నా, వాచ్‌మన్ అన్నా. ముందు ఆపాలి. తర్వాత బయటికి రావాలి. తర్వాత నీళ్ళు. ఆ తర్వాతే మాట. లోపలున్నవాణ్ణి పట్టుకుని ఎందుకన్నావురా అని అడుగుతూ కూర్చుంటే, వాడు జవాబు చెప్పేలోపు అయిపోతుంది."

"ఊరికే అంటే?"

"ఊరికే అన్నవాణ్ణి తిడితే, నిజంగా అవసరమైనప్పుడు వాడు అనడు."

"మీ నాన్న వేలు నలిగిన రోజు ఆపు అన్నది నేనే" అన్నాడు మావయ్య. "ఒక్క అర నిమిషం ముందే అనాల్సింది కోడలా. ముక్కు దురద పెట్టింది."

"నీ ముక్కు నా గోరు తీసిందిరా బామ్మర్దీ."

"గోరే కదా బావా! మా అక్కకి నీ గోళ్ళు కత్తిరించే పని తగ్గించా."

నాన్న నా వైపు తిరిగారు. "చెప్పాలనుంటే చెప్పు. లేదా నీళ్ళు తాగు."

నీళ్ళు తాగా.

"భయమేసింది" అన్నా.

"అదీ కారణమే" అన్నారు. ఇంకేం అడగలేదు.

సాయంత్రం ఇద్దరం కలిసే ఇంటికొచ్చాం. నాన్నకీ మావయ్యకీ, మావయ్య ముక్కుకీ థాంక్స్.

జూలై 7, సోమవారం

అయిపోయింది. చెప్పేశా. వరసగా రాస్తా.

సాయంత్రం బఠాణీ వాళ్ళమ్మ వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. "మా బిల్డింగులో లిఫ్టు ఎక్కనంటోంది అక్కా. ఎత్తుకుని ఆరంతస్తులు ఎక్కుతున్నా. నిద్రలో పసుపు అంకుల్ అని లేస్తోంది. ఏం చూసిందో నాకు చెప్పండి, లేకపోతే దాన్నెలా ఊరుకోబెట్టాలో తెలియట్లేదు" అంది. గొడవకి రాలేదు. అలిసిపోయి వచ్చింది.

అమ్మ ఏదో చెప్పబోయింది. అంతలో అమ్మమ్మ లోపల్నుంచి వచ్చింది. చేతిలో సంచి. బట్టలు సర్దేసుకుంది.

"నాదే తప్పు తల్లీ. కళ్ళు కనపడని ముసలిదాన్ని, పిల్లల దగ్గర నాకేం పని. నా కొడుకు, వీళ్ళ మావయ్య ఇంటికి పోతున్నా. రేపట్నుంచి నేనుండను, నువ్వు నిశ్చింతగా పంపించు."

అమ్మ వద్దని అనలేదు. నేల వైపు చూసింది. నాన్న అప్పుడే వచ్చి బూట్లు విప్పుకుంటున్నారు.

అమ్మమ్మ చెప్పుల కోసం తడుముకుంది. కుడికాలి చెప్పు ఎడమకాలికి వేసుకుంది.

"ఆపు" అన్నా.

గట్టిగా రాలేదు. మళ్ళీ అన్నా. "నాన్నా, ఆపు!"

నాన్న ఒక బూటుతోనే లేచారు. "ఆగింది" అన్నారు. అమ్మమ్మ చేతిలో సంచి తీసి కిందపెట్టారు. అమ్మ "ఏంటది, ఏమైంది?" అంటే, చెయ్యి ఎత్తి "అడక్కు" అన్నారు. నన్ను బాల్కనీలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. నీళ్ళు తెచ్చారు. గ్లాసు పళ్ళకి తగిలి టకటకమంది.

తాగాక చెప్పా. రైమ్స్ 2 నాదని. ఎప్పట్నుంచో. లిఫ్టులు మొదట, తర్వాత ఏవేవో. నేను చూసిన రోజు నీకేమీ కాదని, చూడకపోతే నువ్వు రావని. బాల్కనీ తలుపు తెరిచే ఉంది. అందరూ విన్నారు.

నాన్న కళ్ళు తుడుచుకుని, "అంటే ఇన్నాళ్ళూ నన్ను కాపాడుతున్నది నువ్వా? ముందే చెప్పొద్దూ. అనవసరంగా మీ మావయ్యకి జీతమిప్పిస్తున్నా" అన్నారు.

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ముక్కులోంచి.

అమ్మ నవ్వలేదు. అమ్మకి చాలా కోపం. "మా అమ్మ పది రోజులు దొంగలా తిరిగింది ఈ ఇంట్లో. చూస్తూ ఊరుకున్నావు" అంది. నిజమే. కొడుతుందనుకున్నా. కొట్టలేదు. అమ్మమ్మ దగ్గరికెళ్ళి, వంగి, చెప్పులు సరిచేసి తొడగబోయి, మళ్ళీ విప్పేసి, "నువ్వెక్కడికీ పోవట్లేదు. క్షమించమ్మా" అంది. అది నేను అనాల్సిన మాట. తర్వాత నేనూ అన్నా.

బఠాణీ వాళ్ళమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది. ఆవిడకి ఏం చూసిందో చెప్పా, పసుపు చొక్కా, లంచ్ బ్యాగు, తలుపు. ఆవిడ పెదవి కొరుక్కుంది. "ఇప్పుడు తెలిసింది కదా, ఏం చెప్పాలో చూసుకుంటా" అంది. నన్ను క్షమించానని అనలేదు. వెళ్తూ, "నువ్వూ అదే చూశావుగా. నీకూ నిద్ర పట్టి ఉండదు. మీ స్కూల్లో కౌన్సిలర్ ఉంటే వెళ్ళు. అమ్మతో కలిసి వెళ్ళు" అంది. నా కోసం ఆవిడ అలా చెప్పాల్సిన పనేం లేదు. థాంక్స్. ఆ మాట మొహం మీద చెప్పలేకపోయా.

జూలై 8, మంగళవారం

నాన్న ట్యాబ్ తీసి నా పక్కన కూర్చున్నారు. ఫోల్డర్ మొత్తం తీసేశారు, ఒక్కటీ తెరవకుండా.

"నువ్వు చూడవా, ఏముందో?"

"చూడను. ఆ పసుపు చొక్కా ఆయన పొద్దున లంచ్ తీసుకుని ఇంట్లోంచి బయల్దేరాడు కదా. ఆయన్ని అలా గుర్తుపెట్టుకుందాం. మిగతాది ఆయన మనల్ని చూడమనలేదు."

లంచ్ ఎవరు సర్దారో. నేను ఇన్నిసార్లు చూసి ఒక్కసారీ అనుకోలేదు.

జూలై 10, గురువారం

నాన్న బయల్దేరేటప్పుడు చూడాలనిపించింది. చాలా. పరిగెత్తుకెళ్ళి "ఆపు" అన్నా. నాన్న హెల్మెట్ తీసేసి మెట్ల మీద కూర్చున్నారు. మావయ్య కింద హారన్ కొడుతూనే ఉన్నాడు. నీళ్ళు తాగాం. తర్వాత వెళ్ళారు.

జూలై 15, మంగళవారం

కౌన్సిలర్ మేడమ్ దగ్గరికి అమ్మతో వెళ్ళా. ఆవిడకి ఇవి కొత్త కాదంట. నాలాంటి వాళ్ళు ఉన్నారంట. భయాన్ని చూస్తే భయం తగ్గుతుందనిపిస్తుంది గానీ అది తిండి పెట్టినట్టు అవుతుందంది. చూడాలనిపించినప్పుడు కాసేపు ఆగి ఎవరికైనా చెప్పమంది. "మా ఇంట్లో దానికి ఒక మాటుంది" అంది అమ్మ. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యి వేసింది. ఇంకా కోపమే. అయినా వేసింది. థాంక్స్.

జూలై 18, శుక్రవారం

మళ్ళీ చూశా. స్కూల్లో, బెంచ్‌మేట్ ఫోన్‌లో వెతికా. మొదలవగానే "ఆపు" అన్నా, పైకే. అది ఏంటే అంటూనే ఫోన్ లాక్కుని ఆపేసింది. దానికి మా ఇంటి రూలు తెలీదు కాబట్టి వెంటనే వంద ప్రశ్నలేసింది. కొన్నింటికి జవాబు చెప్పా. మోకాలు సంగతి కూడా. "నువ్వు నన్ను చూసి ఇంతేనా అనుకున్నావా? దయ్యమా!" అని, తన సమోసా సగం కాదు, చిన్న ముక్క ఇచ్చింది. "సగం వచ్చే వారం, నా కోపం తగ్గాక" అంది.

నాన్నకి కూడా చెప్పా. "చూశావు. ఆపావు కూడా" అన్నారు.

జూలై 25, శుక్రవారం

బఠాణీ తలుపు దగ్గర కుర్చీ తీసెయ్యమంది. తనే! నేనూ తనూ తలుపు ఆట ఆడుతున్నాం రోజూ. తను "కిందికి" అంటే నేను "కిందికి" అంటా. అప్పుడే తలుపు కదలాలి. తను "ఆపు" అంటే ఆగాలి. ఇవాళ ఎన్నిసార్లు ఆపు అందో! ప్రతిసారీ ఆపా. నేనేం అడగలేదు. చివరికి తనే విసుగొచ్చి తలుపు మూసేసి, "అయిపోయింది, ఆకలి" అంది.

లిఫ్టు ఇంకా ఎక్కట్లేదంట. వాళ్ళమ్మ ఎత్తుకునే ఎక్కుతోంది. శనివారాలు నేను వెళ్ళి సామాను మోస్తానన్నా. సరేనంది.

అమ్మమ్మ కళ్ళజోడుకి నేను తాడు కట్టా, మెడలో వేసుకునేలా. ఇప్పుడు తాడుతో సహా నెత్తి మీద పెట్టుకుని వెతుకుతోంది.

ఆగస్టు 2, శనివారం

బాల్కనీలో కూర్చుని రాస్తున్నా. ఐదు దాటింది. నాన్న ఫోన్ ఎత్తట్లేదు. మావయ్యా ఎత్తట్లేదు. చేతుల్లో సంచులుంటాయి. లేకపోవచ్చు కూడా. నాకు తెలీదు. తెలుసుకోవడానికి ఏ వీడియో లేదు. ఉన్నా దానికీ తెలీదు.

కాళ్ళు చల్లబడ్డాయి. అమ్మమ్మని పిలిచి "ఆపు" అన్నా. వచ్చి పక్కన కూర్చుంది. నీళ్ళు తెచ్చింది. ఏం అడగలేదు. ఇద్దరం రోడ్డు చూస్తున్నాం. "ఆ వచ్చేది మీ నాన్నేనా?" అంటుంది ప్రతి బైకుకీ. ఒకసారి ఆవుని కూడా అంది.

పొద్దున వెళ్తూ నాన్న గుమ్మంలో ఆగి, "సాయంత్రం ఇంటికి" అన్నారు.

"ఇంటికి" అన్నా నేను. అప్పుడే కదిలారు.

నాన్న ఇంకా రాలేదు. అమ్మమ్మ పక్కనే ఉంది.

థాంక్స్.